పలుపు వేసిన చెయ్యి

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లపు పొలాల్లో వరి కోతలు ముమ్మరంగా ఉంటాయి. కోతకు కొద్దిరోజుల ముందే, చేను నిలబడి ఉండగానే, మడిలో ఉన్న తడిని నమ్ముకుని మినుములూ పెసలూ చల్లేస్తారు. వరి పనలు ఎత్తి కుప్ప వేసే వేళకు అపరాల మొలక లేచి ఉంటుంది. ఆ మొలక కాయ కాసి ఇంటికి చేరేదాకా ఊరి పశువుకి పొలంలో అడుగు పెట్టే వీలుండదు. తెల్లవారుజామున మంచు, మధ్యాహ్నం ఎండ, పొద్దు వాలగానే మళ్ళీ చలి. ఈ కాలమంతా ఆవూ గేదే ఎద్దూ సాలలోనో, కళ్లం పక్క చెట్టు కిందో కట్టుగొయ్య దగ్గర నిలబడి మనం వేసిన ఎండుగడ్డి తింటాయి. అపరాలు తీశాక వాటిని విడిచిపెడతారు గానీ, అప్పటికి పొలంలో మిగిలేవి మోళ్ళూ దుమ్మూను. తొలకరి పడి గట్ల మీద పచ్చిక లేచేవరకూ ప్రాణం నిలిపేది మళ్ళీ ఆ గడ్డికుప్పే.

చలిదేశాల్లోనూ ఇలాంటి కాలం ఉంది. కెనడా మైదానాల్లో నెలల తరబడి మంచు పచ్చికను కప్పేస్తుంది. రైతులు వేసవిలో కోసి చుట్టలు చుట్టి దాచిన గడ్డిని ట్రాక్టరు మీద తెచ్చి ఆ మంచు మీదే పరుస్తారు. పైకి చూస్తే అక్కడి పనీ ఇక్కడి పనీ ఒకటే: మేత ఉన్న కాలంలో దాచి, లేని కాలంలో పెట్టడం. కానీ ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. అక్కడ పశువుకీ పచ్చికకీ మధ్య అడ్డం వచ్చింది మంచు. ఇక్కడ అడ్డం వచ్చింది మనం, అంటే మన మినుము మొలక, మన కంచె, మన పలుపుతాడు. ఎండాకాలపు కరువుకైనా సూర్యుడే కారణమని సరిపెట్టుకుందామంటే, చెరువు గర్భాల్లో, గెడ్డల పక్కన, కొండ దిగువ బంజర్లలో పశువు ఏరుకుని తినే జాగా ఒకప్పుడు ఉండేది. చాలా ఊళ్ళలో అదీ మన చేతుల్లోకే వచ్చింది. ఈ తేడాను పట్టుకుని కొంత దూరం ఆలోచిద్దాం. పశువుకి గడ్డి వెయ్యకపోతే తప్పు అని మనలో ఏదో అంటుంది కదా, అది దేని మీద నిలబడి ఆ మాట అంటోంది?

మొదట తోచే జవాబు ప్రయోజనం. పశువు పాలు ఇస్తుంది, దున్నుతుంది, గత్తం ఇస్తుంది, కాబట్టి మేపుతున్నాం. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మూడున్నర క్వింటాళ్ళ బరువున్న పశువుకి రోజుకి ఆరేడు కిలోల ఎండుగడ్డి కావాలి. ఐదు నెలలకు అది దగ్గర దగ్గర టన్ను. గింజ ఎంత బరువు పండితే గడ్డి కూడా ఇంచుమించు అంత, ఒక్కోసారి కొంచెం ఎక్కువ వస్తుంది. అంటే మంచి పంట పండిన ఎకరం గడ్డి రెండు పశువులకు సరిపోతుంది. ఎకరం రైతుకి మూడో నోరు ఉందంటే ఎవరి గడ్డో కొనాలి. ఇంత ఇరుకులో బతికేవాడు లెక్క చూసుకుంటే మనం తప్పుపట్టలేం. అయితే ప్రయోజనమే కారణమైతే, ప్రయోజనం తీరిన రోజున కారణమూ తీరిపోవాలి. జరుగుతున్నదీ అదే. 2012 పశుగణనలో దేశంలో గోజాతి మగ పశువులు 6.79 కోట్లు. 2019 నాటికి 4.74 కోట్లు. ఆవుల సంఖ్య మాత్రం అదే కాలంలో 18 శాతం పెరిగింది. ట్రాక్టరు ఎద్దు పనిని తీసుకుంది, పనితో పాటు గడ్డిలో దాని వాటానూ తీసుకుంది. ఈ అంకెలు చదివినప్పుడు మనలో చాలామందికి ఎక్కడో ఇబ్బందిగా ఉంటుంది. ప్రయోజనం ఒక్కటే ఆధారమైతే ఈ ఇబ్బంది ఉండకూడదు. కాబట్టి అడుగున ఇంకేదో ఉంది.

అది కృతజ్ఞత అంటారు కొందరు. పదేళ్ళు దున్నిన ఎద్దుకి చివరి రెండేళ్ళు గడ్డి వెయ్యడం బాకీ తీర్చడమే కదా అని. మన న్యాయస్థానాలు కూడా ఈ గడ్డి సంగతి ఆలోచించాయి. 1958లో మహమ్మద్ హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు, పని తీరిన ఎద్దులూ దున్నలూ దేశంలో అసలే చాలని మేతను పనికొచ్చే పశువులతో పంచుకుంటున్నాయని, వాటి వధను పూర్తిగా నిషేధించడం సబబు కాదని భావించింది. 2005లో మీర్జాపూర్ మోతీ ఖురేషీ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. ముసలి ఎద్దు కూడా పేడా మూత్రమూ ఇస్తూనే ఉంటుందని చెప్పింది. సేవ చేసిన పశువుని ముసలితనంలో పనికిరానిదనడం కృతఘ్నత అని కూడా అంది. రెండు తీర్పుల్లో ఏది న్యాయమో తేల్చడం ఇక్కడ మన పని కాదు. గమనించవలసింది ఒకటుంది: బతకనివ్వాలన్న తీర్పు కూడా ముందుగా పేడ విలువను చూపించవలసి వచ్చింది. ప్రయోజనం తీరిందన్న వాదానికి, ఇంకా తీరలేదన్నదే జవాబయింది.

కృతజ్ఞతను ఇంకో చోట పరీక్షించి చూద్దాం. సంకరజాతి ఆవుకి పుట్టిన కోడెదూడ సంగతేమిటి? జెర్సీ సంకరానికి మూపురం సరిగా ఉండదు, కాడి మెడ మీద కుదరదు, మన ఎండకు ఆగదు. దుక్కికి ఎవరూ కోరరు. తల్లి పాలు పాలకేంద్రానికి వెళ్ళాలి. అది ఇంకా మనకు ఏ మేలూ చెయ్యలేదు, ఇక చెయ్యబోదు. కృతజ్ఞతే ఆధారమైతే దానికి మనం గడ్డిపరక కూడా బాకీ లేం. ఇప్పుడు నూటికి తొంభై వరకూ పెయ్యలే పుట్టేలా వేరుచేసిన వీర్యం వచ్చింది. దాన్ని మెచ్చుకోవలసిందే, ఎందుకంటే పుట్టి ఆకలితో మాడే దూడలు తగ్గుతాయి. కానీ ఈ ఏడు పుట్టిన కోడెదూడ సాల మూలన కట్టి ఉంది, అరుస్తోంది. దాని అరుపు మనకు తప్పులా వినిపిస్తే, ఆ తప్పు కృతజ్ఞత తప్పినందువల్ల కాదు.

అయితే అది పవిత్రత తప్పినందువల్లా? కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టే ఇళ్ళు మన ప్రాంతంలో ఎన్నో. ఆ దండాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. పశువుకి ముందు వేసి, ఆ తరువాతే తాను తినే ముసలమ్మ, మనం ఇన్ని పేరాల్లో తడుముకుంటున్న పనిని రోజూ చేసేస్తోంది. నమ్మకం ఆమె చేతికి ఆ అలవాటు ఇచ్చింది. అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆవులకన్నా గేదెలే ఎక్కువ. మనం తాగే పాలలో పెద్ద వాటా వాటిదే. గేదెకు గోమాత అన్న హోదా లేదు గానీ, ఆకలి ఆవుకి ఉన్నంతే ఉంది. పవిత్రత మీద నిలబెట్టిన ధర్మం సగం సాలకే వర్తిస్తుంది. రెండోది, నమ్మనివాడి సంగతి. ఆవులో దేవతను చూడనివాడు దాన్ని పస్తు పెట్టొచ్చా? పెట్టకూడదని నమ్మేవాళ్ళూ ఒప్పుకుంటారు. అంటే ఈ ధర్మం నమ్మకం లేనిచోట కూడా నిలబడుతోంది. నమ్మకం దానికి బలం కావచ్చు, పునాది మాత్రం వేరే.

కరుణ అనే మాట దగ్గరకు వద్దాం. దీనికి మన నేల మీదే పాత సాక్ష్యం ఉంది. ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళితే ఋషికుల్య ఒడ్డున జౌగడ. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు అక్కడి బండ మీద చెక్కించిన శాసనాల్లో ఒకటి మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మూలికలు నాటించాననీ, దారుల పక్క బావులు తవ్వించాననీ చెబుతుంది. దానికి ముందున్న శాసనం ఇంకా ఆలోచింపజేస్తుంది. జంతువధ వద్దంటూనే, తన వంటశాలలో ఇంకా రెండు నెమళ్ళనూ అప్పుడప్పుడు ఒక జింకనూ చంపుతున్నారని, ఇక ముందు అవీ ఉండవని రాజు తానే ఒప్పుకుంటాడు. చెప్పిన ధర్మానికీ నడిచే నడతకూ మధ్య ఉన్న ఎడాన్ని రాతి మీద రాయించాడు. అందరూ చదువుకునే చోట అలా రాయించగలగడం అంతరాత్మ మెలకువగా ఉందనడానికి నాకు కనిపించిన గట్టి గుర్తుల్లో ఒకటి. కళింగ యుద్ధం తరువాతి పశ్చాత్తాపాన్ని అతడు కళింగంలోని బండల మీద మాత్రం చెక్కించలేదన్నది కూడా అంతే నిజం. ఆ మాట దాచి అతణ్ణి పొగడడం న్యాయం కాదు.

కానీ కరుణకు ఒక పరిమితి ఉంది. అది కళ్ళకు కనబడినదాని మీద పుడుతుంది. డొక్కలు ఎగరేస్తున్న పశువుని మే నెలలో చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది, అయితే మే నెలలో జాలిపడితే గడ్డి పుట్టదు. గడ్డి దాచవలసింది డిసెంబరులో, పశువు కడుపు నిండుగా ఉన్నప్పుడు, ఎవరికీ జాలి కలగనప్పుడు. కుప్పకు అడుగున కర్రలో కొమ్మలో పరిచి నేల చెమ్మ తగలకుండా చూడాలి. కప్పు వాలుగా వేసి వాన జారిపోయేలా చూడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరీ జీడీ నేలకూలిన సంగతి అందరికీ గుర్తుంది. వంశధార పొంగిన పొలాల్లో పడిపోయి నీట మునిగిన వరిలో గింజే కాదు, ఆ ఏటి మేత కూడా మురిగిపోయింది. బూజు పట్టిన గడ్డి వేస్తే ఆ శిలీంధ్రపు విషానికి గేదెల తోక కొనలూ గిట్టల దగ్గర చర్మమూ కుళ్ళే జబ్బు వస్తుంది. దెగ్నాల అంటారు, చలికాలంలోనే ఎక్కువ. నల్లబడిన గడ్డిని పారెయ్యలేక, వెయ్యనూ లేక చూస్తూ నిలబడ్డ రైతు దగ్గర కరుణ లేదనగలమా? అతనికి కావలసింది కరుణ ఒక్కటే కాదు.

ఇంకో అడుగు ముందుకు వేస్తే, కడుపు నింపడమూ పోషించడమూ ఒకటేనా అన్న ప్రశ్న ఎదురవుతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే. ఇసుకలో ఉండే సిలికానే గడ్డిలోనూ దండిగా ఉండి జీర్ణాన్ని అడ్డుకుంటుంది. ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వవు. వట్టి గడ్డి తిన్న పశువు నిండు కడుపుతోనే చిక్కిపోతుంది. దీనికి మార్గం తెలిసి దశాబ్దాలయింది. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై చిల్లర లీటర్ల నీళ్ళలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగబెడితే గడ్డి మెత్తబడి, మాంసకృత్తులు ఇంచుమించు రెట్టింపవుతాయి. కొలత తప్పితే అదే యూరియా విషం, ఆరు నెలల లోపు దూడకు పెట్టనే కూడదు. పిల్లిపెసర, జనుము లాంటి పచ్చిమేత కాసింత కలిపినా తేడా కనబడుతుంది. అయినా మన పల్లెల్లో మాగబెట్టిన గడ్డి అరుదు. యూరియా బస్తా వరికే చాలదు, నీళ్ళు మోసి తొక్కే మనిషి చెన్నైలోనో హైదరాబాదులోనో కూలికి ఉన్నాడు. కాబట్టి తెలియక చెయ్యలేదని తేల్చెయ్యలేం. అయితే తెలుసుకోగలిగినది తెలుసుకోకుండా, నేను రోజూ గడ్డి వేస్తున్నాను కదా అని తృప్తిపడడం మంచితనానికి సరిపోతుందా? సరిపోదనే అనిపిస్తుంది. ఇంకొకరి ఒంటి మంచిచెడ్డలు మన చేతిలో ఉన్నప్పుడు, వాటి గురించి తెలుసుకోవడం కూడా వాళ్ళకు మనం చెయ్యవలసిన దానిలో భాగమే.

ఇప్పుడు మొదటి తేడా దగ్గరకు తిరిగి వెళ్ళవచ్చు. పశువుకీ పచ్చికకీ మధ్య అడ్డం వచ్చింది మనం. విడిచిపెడితే అది ఏదో ఒకటి వెతుక్కునేది. దొరక్కపోతే చచ్చేది, ఆ చావులో మన చెయ్యి ఉండేది కాదు. పలుపు వేసిన క్షణం నుంచి దానికి తిండి దొరికే దారులన్నీ మూసి, ఒకే ఒక్క దారి తెరిచి ఉంచాం: మన చెయ్యి. పైగా రాబోయే మే నెల దానికి తెలియదు, మనకు తెలుసు. ముందుచూపు ఎవరికి ఉందో, ముందుగా దాచే పూచీ వారిదే అవుతుంది. ఈ కారణం ఎద్దుకి ఎంత వర్తిస్తుందో కోడెదూడకీ అంతే వర్తిస్తుంది, గేదెకీ అంతే. దేవుణ్ణి నమ్మినవారినీ నమ్మనివారినీ ఒకేలా కట్టేస్తుంది. పాలు ఆగిపోయినా ఆగదు, ముడి ఉన్నంతకాలం ఉంటుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం చాలినంత తిండి పెట్టని యజమానిని నేరస్థుడంటున్నది కూడా, చట్టం ఆ మాట పైకి చెప్పినా చెప్పకపోయినా, ఈ కారణం మీదే నిలుస్తుంది.

అయితే ఈ వాదాన్ని నిజాయితీగా చివరిదాకా తీసుకెళితే అది యజమాని దగ్గర ఆగదు. పలుపు వేసింది ఒక చెయ్యి కావచ్చు, పచ్చిక మూసింది చాలా చేతులు. సెంటు భూమి లేక, ఒక ఆవునో గేదెనో పెట్టుకుని, పూటకు రెండు లీటర్లు కేంద్రంలో పోసి ఇల్లు నడిపే ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. పూర్వం కోతకూ నూర్పుకూ వెళ్ళిన ఇంటికి కూలితో పాటు రెండు మోపులు గడ్డి ఇవ్వడం ఉండేది, గట్టు మీద కోసుకున్న పచ్చికను ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు కోతలకు మనుషులు దొరకక మిషన్ వస్తోంది. దాని వెనక గడ్డిని చుట్టలు కట్టే బేలర్ వస్తోంది. చుట్టలు లారీ ఎక్కి ఏ పెద్ద డెయిరీకో, పుట్టగొడుగుల షెడ్డుకో వెళ్ళిపోతాయి. రైతు చేసినదాంట్లో తప్పు లేదు, మిషన్ కిరాయి అతను ఇచ్చుకోవాలి. కానీ గడ్డికి ధర వచ్చిన రోజునే ఆ భూమిలేని ఇల్లాలికి ఉన్న చిన్న హక్కు, ఎక్కడా రాయని హక్కు, చప్పుడు లేకుండా పోయింది. ఆవు డొక్కలు కనబడితే మాత్రం తప్పు ఆమెదే అంటాం. బంజరు ఆక్రమించినవారినీ, చెరువుగర్భం దున్నుకున్నవారినీ ఎవరూ ఏమీ అనరు.

చివరికి మానాపురం సంతకో, నారాయణవలస సంతకో తోలుకెళ్ళిన పశువు దగ్గర ఈ చిక్కు అంతా ముడిపడుతుంది. అమ్మేవాడు కొనేవాణ్ణి “దుక్కికేనేటి బాబూ?” అని అడుగుతాడు. “దుక్కికేలే” అని జవాబు వస్తుంది. పళ్ళు చూసిన ఇద్దరికీ ఆ ఎద్దు వయసు తెలుసు. ఆ ప్రశ్నను బూటకమని కొట్టిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. జవాబు నిజం కాదని తెలిసీ అడగకుండా అమ్మలేకపోవడమంటే, తాడు చేతులు మారినా బాకీ మారలేదని అతనికి తెలుసు. అతని ఇంట్లో పిల్లల ఫీజు ఉంది, కుప్పలో రెండు నెలల గడ్డి తక్కువ ఉంది. పిల్లల్నీ పశువునీ ఒకే గడ్డికుప్పతో సాకలేని మనిషిని ఒక్కణ్ణే నిలబెట్టి తీర్పు చెప్పే అర్హత, రోజూ పాల పొట్లం కొనుక్కునే మనకు లేదు. మనం ఇచ్చే ధరలో పాలిచ్చే తల్లి మేత కొంత ఉండవచ్చు. వట్టిపోయిన కాలపు మేత లేదు, కోడెదూడ మేత అసలే లేదు. దాన్ని ఇన్నాళ్ళూ ఆ చిన్నరైతు ఒక్కడే భరించాడు, భరించలేనప్పుడు సంతకు తోలాడు. లీటరుకి ఒక రూపాయి అదనంగా తీసుకుని ఆ పద్దు పాలకేంద్రం పుస్తకంలో తెరవడం అసాధ్యమైన పని కాదు. డిసెంబరులో చుట్టలు పొలంలోనే చవగ్గా దొరికే రోజుల్లో ఆ డబ్బుతో కొని, తుఫాను నీరు ఎక్కని మెరక మీద ఊరుమ్మడి షెడ్డులో పేర్చుకుని, భూమిలేని ఇళ్ళకు ఏప్రిల్ నుంచి కొన్న ధరకే ఇవ్వవచ్చు. ముందుగా ఒప్పుకోవలసింది ఆ రూపాయి ఇచ్చే మనమే.